పిల్లలమర్రి అంటే ఏ పిల్లలమర్రి? లైబ్రరీ పని చేసేవాళ్లకు నాలెడ్జ్ గ్రాఫ్ పరిచయం

"పిల్లలమర్రి మీద ఏమైనా ఉందా సార్?" అని ఎవరైనా అడిగితే పాలమూరు లైబ్రరీలో పనిచేసేవాళ్లకు మర్రిచెట్టు గుర్తొస్తుంది. ఊడలు దిగి దాదాపు మూడెకరాల్లో పరుచుకున్న ఆ చెట్టును చూడని మనిషి ఆ జిల్లాలో తక్కువ. సూర్యాపేటలో అదే మాట అడిగితే దగ్గర్లోని పల్లె గుర్తొస్తుంది, కాకతీయుల కాలంలో రేచర్ల రెడ్లు కట్టించిన శివాలయాలున్న ఊరు అది. తెలుగు ఎం.ఏ. చేస్తున్న అమ్మాయి అడిగిందంటే చెట్టూ కాదు, ఊరూ కాదు, పదిహేనో శతాబ్దపు కవి పినవీరభద్రుడి ఇంటిపేరు. అడిగిందెవరు, ఏం చదువుతున్నారు, ఎందుకు అడుగుతున్నారు అన్నది చూసి మనం క్షణంలో తేల్చేస్తాం. కంప్యూటర్‌కు మాత్రం అది ఐదక్షరాల మాట, అంతకుమించి ఏమీ తెలియదు.

ఆ తేడా కంప్యూటర్‌కూ తెలిసేలా సమాచారాన్ని రాసిపెట్టే పద్ధతే నాలెడ్జ్ గ్రాఫ్. పేరు వింటే సాఫ్ట్‌వేర్ వాళ్ల వ్యవహారంలా అనిపిస్తుంది, ట్రైనింగుల్లో కూడా మొదటి స్లైడ్ నుంచే సున్నాలు, బాణాలు, సర్వర్లు చూపించేసరికి సగం మంది ఇది మనకు కాదులే అని లేచిపోతారు. కానీ అసలు కష్టమంతా క్యాటలాగ్ చేసేవాళ్ల పనిలోనే ఉందని నేను గట్టిగా నమ్ముతాను. ఏది ఏదో తేల్చడం, రెండు పేర్లు ఒకే మనిషివా కాదా చూడటం, ఆ మాట ఎప్పటిదో, ఎవరు చెప్పారో పక్కన రాసిపెట్టడం, ఇవన్నీ మనం ఎప్పటి నుంచో చేస్తున్నవే. సర్వర్ సంగతి చూసుకునేవాళ్లు దొరుకుతారు, ఈ పని తెలిసినవాళ్లు దొరకరు.

ముందు దాని రూపం చూద్దాం. గ్రాఫ్‌లో ప్రతి మనిషి, ఊరు, గుడి, సంస్థ ఒక బిందువు. రెండు బిందువుల మధ్య ఒక గీత, ఆ గీత మీద సంబంధం పేరు. దేని గురించి చెప్తున్నామో ఆ మాట, ఒక సంబంధం, ఇంకో మాట, ఈ మూడూ కలిస్తే ఒక వాక్యం: సురవరం ప్రతాపరెడ్డి — సంపాదకుడు — గోలకొండ పత్రిక. గోలకొండ పత్రిక — మొదలైన సంవత్సరం — 1926. సురవరం ప్రతాపరెడ్డి — స్వగ్రామం — ఇటిక్యాలపాడు. ఇటిక్యాలపాడు — ఏ జిల్లాలో — జోగులాంబ గద్వాల. ఈ నాలుగూ విడివిడిగా రాసినవే అయినా "ఇప్పటి జోగులాంబ గద్వాల జిల్లా మనుషులు నడిపిన పత్రికలేవి?" అని అడిగితే కంప్యూటర్ గీతల వెంట నడిచి గోలకొండ పత్రికను పట్టుకొస్తుంది, ఆ ప్రశ్నకు జవాబు ఎవరూ ముందుగా ఎక్కడా రాసిపెట్టకపోయినా సరే. ఊళ్లో పెద్దమనిషి కొత్తగా కనిపించిన కుర్రాణ్ణి "ఎవరింటోడివి బిడ్డా, ఎవరి మనవడివి?" అని రెండు ప్రశ్నలు అడిగి వాళ్ల తాత పొలం ఎక్కడుండేదో కూడా చెప్పేస్తాడు చూడండి, అచ్చం అలాగే పనిచేస్తుంది ఇది. ఆ పెద్దమనిషి తలలో ఉన్నదంతా సంబంధాలే.

చరిత్ర క్లుప్తంగా చెప్పుకుందాం. ఇలా మూడు ముక్కల వాక్యాలుగా రాయడానికి ఆర్‌డీఎఫ్ అనే ప్రమాణాన్ని వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్టియం 1999లోనే ఇచ్చింది. వాటిని ప్రశ్నించే భాష స్పార్కిల్ 2008లో వచ్చింది. వికీపీడియా పేజీల్లోని పట్టికలను ఇలా వాక్యాలుగా మార్చిన డీబీపీడియా 2007లో మొదలైంది. నాలెడ్జ్ గ్రాఫ్ అనే మాట మాత్రం 2012 మే నెలలో గూగుల్ తన సెర్చ్‌లో దాన్ని పెట్టాకే జనంలోకి వచ్చింది. మనిషి పేరు కొడితే పక్కన ఫొటో, పుట్టిన తేదీ, ఊరు ఒక డబ్బాలో కనిపించడం అప్పటి నుంచే. అదే ఏడాది అక్టోబరులో వికీడేటా మొదలైంది, ఎవరైనా రాయొచ్చు, ఎవరైనా వాడుకోవచ్చు. మన పనికి అన్నిటికంటే ఎక్కువ అక్కరకొచ్చేది అదే కాబట్టి ఇక్కడి నుంచి ఉదాహరణలు దాని పద్ధతిలోనే చెప్తాను.

వికీడేటాలో ప్రతి వస్తువుకూ ఒక నంబరు ఉంటుంది, పేరుతో పనిలేదు. తెలంగాణ అంటే క్యూ677037, తెలుగు భాష అంటే క్యూ8097. పేర్లన్నీ ఆ నంబరుకు తగిలించిన చీటీలే. ఒక్కో భాషలో ఒక చీటీ, దాని కింద ఇతర పేర్లు. నల్లగొండకు నల్గొండ అనీ రాస్తారు, నీలగిరి అనీ పాత పేరుంది, 1922లో అక్కడి నుంచి వచ్చిన పత్రిక పేరు కూడా నీలగిరి పత్రికే, అయితే నీలగిరి అనగానే తమిళనాడు కొండలు ముందుకొస్తాయి. మహబూబ్‌నగర్‌ను పాలమూరు అంటాం, కొందరు మహబూబ్ నగర్ అని విడదీసి రాస్తారు, ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ పేరు పెట్టక ముందు కాగితాల్లో అసలు ఆ మాటే ఉండదు. నంబరు ఒకటే ఉన్నప్పుడు పాత పేరుతో వెతికినవాళ్లూ, కొత్త పేరుతో వెతికినవాళ్లూ ఒకచోటికే చేరతారు.

ఇది కొత్త ఆలోచన ఏమీ కాదని క్యాటలాగ్ చేసేవాళ్లకు ఇప్పటికే అర్థమై ఉంటుంది. అథారిటీ ఫైలు అని మనం చేసుకునేది ఇదే. ప్రతాపరెడ్డి సురవరం, సురవరం ప్రతాప రెడ్డి, సురవరము ప్రతాపరెడ్డి అని మూడు కార్డుల్లో మూడు రకాలుగా ఉన్నా మనిషి ఒక్కడే అని తేల్చి ఒక రూపాన్ని ఖాయం చేస్తాం. వివిధ దేశాల జాతీయ గ్రంథాలయాల అథారిటీ రికార్డులను ఒకచోట జోడించే వయాఫ్ కూడా ఇదే పని పెద్ద ఎత్తున చేస్తుంది. తేడా ఏమిటంటే, అథారిటీ ఫైలు "ఈ పేర్లన్నీ ఒకరివే" అన్న చోట ఆగిపోతుంది. గ్రాఫ్ అక్కడి నుంచి మొదలవుతుంది.

ఇక్కడే ఒక చిక్కు చెప్పాలి. మన దగ్గర మొదటి కాన్పుకు ఆడపిల్ల తల్లిగారింటికి పోతుంది, అందుకని ఎంతోమంది పుట్టిన ఊరు ఒకటి, స్వగ్రామం ఇంకొకటి. ఫారంలో ఒకే గడి ఉంటే మనిషికి తోచింది అందులో పడేస్తారు, ఒక పుస్తకంలో ఒక ఊరు, ఇంకో పుస్తకంలో ఇంకో ఊరు వచ్చి, రెండిట్లో ఒకటి తప్పని వాదులాట మొదలవుతుంది. చాలాసార్లు రెండూ నిజమే. వికీడేటాలో పుట్టిన స్థలానికి పీ19 అనే గీత ఉంది, దాన్ని నిజంగా పుట్టిన ఊరికే వాడాలి. స్వగ్రామం అనేది వేరే సంబంధం. ఏ సంబంధాలు ఉండాలి, ఒక్కోదానికి అర్థం ఏమిటి అని ముందే రాసుకునే ఒప్పందాన్ని ఆంటాలజీ అంటారు, పేరు పెద్దదే కానీ అందులో సగం పని ఇలాంటి గడులు విడదీయడమే, ఆ పని ఇక్కడి బతుకు తెలిసినవాళ్లు చేస్తేనే సరిగ్గా వస్తుంది.

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైన సంగతి, కాలం. అలంపూర్ ఏ జిల్లాలో ఉంది? జోగులాంబ గద్వాల అంటాడు ఇవాళ్టి పిల్లవాడు. వాళ్ల నాన్న మహబూబ్‌నగర్ అంటాడు. 1956కు ముందు కాగితం తీస్తే రాయచూరు జిల్లా అని ఉంటుంది, ఎందుకంటే హైదరాబాద్ రాష్ట్రంలో గద్వాల, అలంపూర్ తాలూకాలు రాయచూరు కిందే ఉండేవి, రాష్ట్రాల పునర్విభజనలో రాయచూరు మైసూరుకు పోతే ఈ రెండు తాలూకాలు మాత్రం మహబూబ్‌నగర్‌లో కలిశాయి. గ్రాఫ్‌లో దీన్ని ఇలా రాస్తాం:

అలంపూర్ — ఏ జిల్లాలో — రాయచూరు — 1956 అక్టోబరు 31 వరకు
అలంపూర్ — ఏ జిల్లాలో — మహబూబ్‌నగర్ — 1956 నవంబరు 1 నుంచి 2016 అక్టోబరు 10 వరకు
అలంపూర్ — ఏ జిల్లాలో — జోగులాంబ గద్వాల — 2016 అక్టోబరు 11 నుంచి

"ఏ జిల్లాలో" అన్న గీత వికీడేటాలో పీ131. "నుంచి", "వరకు" అన్నవి ఆ గీతకే తగిలించే చిన్న గీతలు, పీ580, పీ582. వీటిని క్వాలిఫయర్లు అంటారు. మూడు వాక్యాలూ నిజమే, ఏదీ చెరిపేయక్కర్లేదు. ఎక్సెల్ షీట్‌లో జిల్లా అని ఒక్క నిలువు వరుస ఉంటే 2016లో మనం ఏం చేశాం? పాతది కొట్టేసి కొత్తది రాశాం. దాంతో రాయచూరు పేరుతో ఉన్న పాత గెజిటీర్లు, ఉర్దూ దస్తావేజులు అలంపూర్ గురించి వెతికేవాళ్లకు కనపడకుండా పోయాయి. అవి లైబ్రరీలోనే ఉన్నాయి, దారి ఒక్కటే పోయింది.

గుళ్లు కూడా కదులుతాయి. కృష్ణా తుంగభద్రల సంగమం దగ్గర కూడవెల్లిలో ఉండే సంగమేశ్వరాలయం శ్రీశైలం ప్రాజెక్టు ముంపులోకి వస్తుంటే, రాళ్లు విప్పి అలంపూర్‌కు తెచ్చి తిరిగి కట్టారు. ఇది ఒకే గుడి, రెండు స్థలాలు, రెండు కాలాలు. దీనికి తోడు సప్తనదీ సంగమం దగ్గర ఇంకో సంగమేశ్వరాలయం ఉంది, శ్రీశైలం నీళ్లు తగ్గే ఎండాకాలంలో బయటపడేది అదే. ఫొటోల సంచయంలో "సంగమేశ్వరం గుడి" అని మాత్రమే రాసి ఉన్న ఫొటో ఏ గుడిదో ఇవాళ చెప్పగలిగినవాళ్లున్నారు కాబట్టి ఇవాళే ఏదో ఒక బిందువుకు కట్టెయ్యాలి.

అంకెల విషయంలో అయితే ఇది మరీ ప్రమాదం. 2011 జనాభా లెక్కల్లో నల్లగొండ జిల్లా జనాభా 34.88 లక్షలు. అదే 2011 లెక్కను ఇప్పటి నల్లగొండ జిల్లా హద్దులకు కుదిస్తే దాదాపు 16 లక్షలు, మిగతావాళ్లు సూర్యాపేట, యాదాద్రి భువనగిరి జిల్లాల కిందకు పోయారు. రెండు అంకెలూ సరైనవే, రెండింటి మీదా "నల్లగొండ జిల్లా, 2011" అనే ఉంటుంది. ప్రాజెక్టు వర్కు రాసే విద్యార్థి ఒకదాన్ని ఒక చోటా, రెండోదాన్ని ఇంకో చోటా వాడి జిల్లా జనాభా సగానికి పడిపోయిందని రాస్తే తప్పు విద్యార్థిది కాదు. ఉమ్మడి జిల్లాను, ఇప్పటి జిల్లాను రెండు బిందువులుగా పెట్టాలా, ఒకటే బిందువుకు రెండు హద్దులు రాయాలా అన్నదానికి అందరూ ఒప్పుకునే జవాబు లేదు. నేనైతే గణాంకాలతో పని ఉన్నచోట రెండుగా విడదీయమంటాను, మనిషి ఊరి పేరు వెతికే చోట ఒకటిగా ఉంచినా నష్టం లేదు.

ఊళ్ల సంగతికి వస్తే ఇంకో మెట్టు దిగాలి. దేవరకొండ వైపు ఒక ఊరి పేరు తీసుకుంటే ఆ పేరుతో రెవెన్యూ గ్రామం ఒకటి ఉంటుంది, గ్రామ పంచాయతీ ఒకటి ఉంటుంది, జనం కాపురముండే ఆవాసం ఒకటి ఉంటుంది, ఈ మూడింటి హద్దులూ ఒకటి కావు. 2018 పంచాయతీరాజ్ చట్టం తర్వాత ఎన్నో తండాలు పంచాయతీలయ్యాయి, కానీ భూమి రికార్డులో అవి ఇప్పటికీ పాత రెవెన్యూ గ్రామం కిందే ఉండొచ్చు. 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి, 2016లో మండలాలూ చీలాయి. ఇప్పుడొక రైతు 1954-55 ఖాస్రా పహాణీ (పాత భూమి రికార్డు) నకలు కోసం తిరుగుతూ "మా ఊరు అప్పుడు ఏ తాలూకాలో ఉండేదో చెప్పండమ్మా" అని రెఫరెన్స్ టేబుల్ దగ్గరికి వస్తే, ఆయనకు కావలసింది సరిగ్గా ఈ గొలుసే: ఈ పంచాయతీ, దాని రెవెన్యూ గ్రామం, దాని అప్పటి తాలూకా, దాని అప్పటి జిల్లా. నాలుగు బిందువులు, మూడు గీతలు. వాటి కోసం మనిషి మూడు ఆఫీసులు తిరగాల్సి వస్తోంది. కేంద్ర పంచాయతీరాజ్ శాఖ లోకల్ గవర్నమెంట్ డైరెక్టరీలో ప్రతి గ్రామానికీ, పంచాయతీకీ కోడ్ ఉంది, జనాభా లెక్కలవాళ్ల కోడ్ వేరే ఉంది, కాబట్టి నంబర్లు మనం కొత్తగా పుట్టించక్కర్లేదు. ఉన్నవాటిని ఒకదానికొకటి ముడివెయ్యాలి.

నేత చీరల దగ్గర ఇంకో రకం సంబంధం కనిపిస్తుంది. థిసారస్, అంటే ఏ పదానికి ఏ పదంతో సంబంధమో చూపే పదాల జాబితా, వాడేవాళ్లకు విస్తృత పదం, సంకుచిత పదం, సంబంధిత పదం తెలుసు. ఇక్కత్ కింద తేలియా రుమాల్ సంకుచిత పదం, పుట్టపాక సంబంధిత పదం. ఈ "సంబంధిత" అన్న మాట ఎంత బద్ధకమైందో చూడండి: పుట్టపాకలో నేస్తారా, అమ్ముతారా, నూలు తెస్తారా, ఏమీ తెలియదు. గ్రాఫ్‌లో అలా వదిలెయ్యలేం. తేలియా రుమాల్ — నేసే ఊరు — పుట్టపాక. తేలియా రుమాల్ — పద్ధతి — డబుల్ ఇక్కత్. పుట్టపాక తేలియా రుమాల్ — భౌగోళిక గుర్తింపు వచ్చిన సంవత్సరం — 2020. థిసారస్‌లను పారెయ్యమని కాదు, వాటిని గ్రాఫ్‌లోకి తేవడానికే స్కోస్ అనే ప్రమాణం 2009 నుంచీ ఉంది. కానీ "సంబంధిత పదం" అని రాసిన ప్రతిచోటా ఆగి, ఏం సంబంధం అని అడిగితే ఆ రికార్డు విలువ ఎన్నో రెట్లు పెరుగుతుంది.

ఇంత కష్టపడి రాస్తే ఏం వస్తుంది అంటే, అప్పటిదాకా అడగలేని ప్రశ్నలు అడగొచ్చు. "ఉమ్మడి నల్లగొండ నుంచి సాయుధ పోరాటంలో పాల్గొని తర్వాత శాసనసభకు కూడా ఎన్నికైన భార్యాభర్తలు ఎవరైనా ఉన్నారా?" మామూలు సెర్చ్‌లో ఈ మాటలన్నీ కొడితే పోరాటం మీద వంద పేజీలొస్తాయి. గ్రాఫ్‌లో పోరాటంలో పాల్గొన్నవాళ్లను పట్టుకుని, జీవిత భాగస్వామి గీత మీదుగా నడిచి, ఇద్దరికీ శాసనసభ గీత ఉందా అని చూస్తే ఆరుట్ల కమలాదేవి, రామచంద్రారెడ్డి బయటపడతారు. వాళ్ల గురించిన పుస్తకాల్లో ఇద్దరి పేర్లూ ఉంటాయి, ప్రశ్న ఆ వరుసలో అడిగితే మాత్రం పుస్తకాలు పలకవు.

గ్రాఫ్‌లో లేనంత మాత్రాన లోకంలో లేనట్టు కాదు, ఈ నియమం మర్చిపోతే దెబ్బతింటాం. ఒక నేతన్నకు అవార్డు గీత లేదంటే అవార్డు రాలేదని అర్థం కాదు, ఎవరూ రాయలేదని అర్థం. మన ప్రాంతం వరకు ఖాళీలు చాలా ఎక్కువ, అందులోనూ తెలుగు చీటీలు లేని ఊళ్లు, గుళ్లు, మనుషులు ఎంతోమంది. అలాగే ఆధారాలు కొట్లాడుకుంటే తీర్పు చెప్పాల్సిన బాధ్యత గ్రాఫ్‌ది కాదు. పాలమూరు మర్రిచెట్టుకు ఏడు వందల ఏళ్లని చెప్తారు. ఎవరు చెప్పారో రాసి ఆ అంకె పెట్టండి, రేపెవరైనా శాస్త్రీయంగా లెక్కకట్టి ఇంకో అంకె చెప్తే పక్కనే దాన్నీ పెట్టి ఏది బలమైనదో ర్యాంకు ఇవ్వొచ్చు. ఆధారం లేని వాక్యం ఎంత అందంగా ఉన్నా చేర్చకపోవడమే మేలు.

చాట్‌బాట్‌లు వచ్చాక ఈ పేర్ల తికమక ఇంకా పెరిగింది. అవి చదివిన పాఠంలో మాటల పొందికను బట్టి జవాబు అల్లుతాయి, పిల్లలమర్రి అనే మాట చెట్టుతోనూ, శివాలయంతోనూ, కవితోనూ కలిసి కనిపిస్తే మూడింటినీ ఒక పేరాలో కలిపేసే ప్రమాదం ఉంది, మన ప్రాంతం గురించి ఆన్‌లైన్‌లో ఉన్న పాఠం తక్కువ కాబట్టి ఆ ప్రమాదం మనకు ఎక్కువ. జవాబు రాసే ముందు గ్రాఫ్‌లో చూసుకుని రాయించే పద్ధతుల మీద ఇప్పుడు గట్టిగా పని జరుగుతోంది, 2024లో మైక్రోసాఫ్ట్ విడుదల చేసిన గ్రాఫ్‌రాగ్ అలాంటిదే. అయితే గ్రాఫ్‌లో ఆ ఊరు లేకపోతే ఏ పద్ధతీ ఏమీ చెయ్యలేదు.

పనిముట్ల గురించి ఎక్కువ ఆలోచించకండి. నియోఫోర్‌జే లాంటి డేటాబేస్‌లు ఒక రకం, ఆర్‌డీఎఫ్ వాడేవి ఇంకో రకం, సంస్థ లోపలి పనికి మొదటివి తేలిక, నలుగురితో పంచుకోవాలంటే రెండోవి నయం. మొదలుపెట్టేవాళ్లకు ఇవేవీ వద్దు. ఎక్సెల్, ఓపెన్‌రిఫైన్, వికీడేటా చాలు, చివరి రెండూ ఉచితమే, ఎక్సెల్ కొనలేకపోతే దాని బదులు ఉచితంగా దొరికే లిబ్రే ఆఫీస్ అయినా సరే. ఓపెన్‌రిఫైన్‌లో మన జాబితా పెడితే వికీడేటాలో ఆ పేరుకు సరిపోయే బిందువులను వెతికి చూపిస్తుంది, వాటిలో మన ఊరు ఏదో మనం ఎంచుకోవాలి. ఆ ఎంపికను కంప్యూటర్‌కు వదిలేసి "అన్నీ ఓకే" అని నొక్కితే కర్నూలు జిల్లాలో అదే పేరున్న ఊరికి నల్లగొండ జిల్లా ఊరి జనాభా తగులుకుంటుంది, తర్వాత దాన్ని విడదీయడం మొదట రాయడం కంటే పెద్ద పని.

ఒక్క పాత తాలూకా తీసుకోండి, దేవరకొండ అనుకుందాం. ఆంటాలజీ గీసుకుంటూ నెలలు గడపొద్దు, రెఫరెన్స్ టేబుల్ దగ్గర జనం నిజంగా అడిగే పది ప్రశ్నలు రాసుకుని, వాటికి జవాబు ఇవ్వగలిగే గీతలు మాత్రమే పెట్టుకోండి. బతికున్న మామూలు మనుషుల వివరాలు, పాఠకులు తీసుకెళ్లిన పుస్తకాల చిట్టా ఎట్టి పరిస్థితుల్లోనూ బయటి గ్రాఫ్‌లోకి పోకూడదు. ఊరి పేరు, రెవెన్యూ గ్రామమా పంచాయతీయా ఆవాసమా, డైరెక్టరీ కోడ్, 1956కు ముందు ఏ తాలూకా, 1985 తర్వాత ఏ మండలం, 2016 తర్వాత ఏ మండలం, జనం పిలిచే ఇతర పేర్లు, ఈ ఏడు వరుసలూ వేసుకుని, ప్రతి వరుస పక్కనా ఆధారం కోసం ఇంకో వరుస ఖాళీగా వదలండి.